లోపలి కుట్లు

మిషనమ్మ చేతిలో టేపు అబద్ధం చెప్పదని ఆ వీధి వీధంతా నమ్మకం. ముప్పైయేళ్ళుగా కుడుతోంది మరి. ఒళ్ళు చేసినవాళ్ళు ఎవరైనా "నేనేం లావెక్కలేదు, మీ టేపే బిగిసింది" అని గొడవకొస్తే, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి "టేపుకేం పగమ్మా నీ మీద?" అనేది. ఆ మాటతో వాళ్ళు నోరు మూసుకుని పోయేవాళ్ళు. అలాంటి మనిషి ఆ సోమవారం పొద్దున మనవరాలి నడుముకు టేపు చుట్టి, చూసిన అంకెను పైకి చదవలేదు.

"ఎంతొచ్చింది నానమ్మా?" అంది పిల్ల, అద్దంలో తనను తాను పక్కనుంచి చూసుకుంటూ.

"ఎంతొస్తేనేం? స్కర్టు కాస్త వదులైంది. అరంగుళం పట్టేస్తా. కదలకుండా నిలబడు."

అరంగుళం కాదది. రెండంగుళాలకు తక్కువ లేదు. పదహారేళ్ళ పిల్ల నడుముకు పదేళ్ళ పిల్ల గౌను పట్టేలా ఉంది. వీపు మీద చెయ్యి పెడితే పూసలదండ మీద పెట్టినట్టుంది. మెడ వెనక, చేతుల మీద, పసిగుడ్లకు ఉంటుందే, అలాంటి సన్నటి నూగు వచ్చింది. మిషనమ్మ అదీ చూసింది. చూసి, పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి గుచ్చుకుంటూ పోయింది. నోట్లో సూదులుంటే మాట్లాడక్కర్లేదు, ఈ పనిలో అదో సుఖం.

బుధవారం బళ్ళో బహుమతుల సభ. పిల్లకు లెక్కల్లో మొదటి బహుమతి. స్టేజీ ఎక్కాలి, ఫొటో తీస్తారు. సాక్షాత్తు మిషనమ్మ మనవరాలు జారిపోయే స్కర్టుతో స్టేజీ ఎక్కితే వీధిలో తలెత్తుకు తిరగడమా ఇంక? స్కర్టు తిరగేసి ఒళ్ళో వేసుకుంది. లోపల ఇదివరకటి కుట్లు మూడు వరసలున్నాయి. ఎక్కువైన గుడ్డను ఆవిడ ఎప్పుడూ కత్తిరించదు, లోపలికి మడిచి కుట్టేస్తుంది. "ఒళ్ళు ఎప్పుడూ ఒకలా ఉంటుందా? రేపు పుంజుకుంటే విప్పుకోవచ్చు" అంటుంది. పైనుంచి చూసేవాళ్ళకు మాత్రం ఆ ఒంటికి కొలిచి పోతపోసినట్టే ఉంటుంది, వేలెత్తి చూపే సందుండదు. నాలుగో వరస వేసి, దారం పంటితో తెంపి, కొలతల పుస్తకం తీసింది.

ఆవిడకు అంకెలు బాగా వచ్చు, అక్షరాలు అంతంతమాత్రం. అందుకని పుస్తకంలో ఒక్కొక్కరికీ ఒక్కో బొమ్మ. తాళాలు బాగుచేసేవాడి పెళ్ళానికి తాళంచెవి, పంతులమ్మకు గొడుగు, మనవరాలికి గుమ్మడికాయ. పుట్టినప్పుడు బొద్దుగా ఉందని తండ్రి "నా గుమ్మడి" అన్నాడు, ఆ పేరు ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి బళ్ళోకి పాకింది. గుమ్మడికాయ కింద తారీకు, కొత్త అంకె వేసి మిషనమ్మ పుస్తకం మూసేసింది.

అంతలో ఇస్త్రీ ఆయన భార్య కిటికీ దగ్గర ఆగింది. మడతలు పెట్టిన బట్టల మూట చంకలో, నోట్లో సిద్ధంగా ఓ మాట.

"మిషనమ్మక్కా, మీ గుమ్మడి సొరతీగయిపోయిందేం? వాళ్ళమ్మ ఊరందరికీ రొట్టెలు కాలుస్తుంది, ఇంట్లో పిల్లేమో చీపురుపుల్ల!"

"ఏం చెప్పను? పిండి మీదున్న ధ్యాస పిల్ల మీద ఉంటే కదా మహాతల్లికి" అంది మిషనమ్మ.

అని, తలతిప్పి చూస్తే కోడలు గుమ్మంలో ఉంది. బేకరీలో ఆమెది తెల్లవారకముందు మొదలయ్యే పని, ఎండ వీధిలోకి దిగేవేళకు తిరిగొస్తుంది. కనురెప్పల మీద ఇంకా పిండి ఉంది. విన్నది. విని, చేతిలోని వెచ్చటి పొట్లాం బల్ల మీద పెట్టి, "అమ్మలూ, రెండు బన్నులు తెచ్చా, బడికి తీసుకెళ్ళు" అంది. పిల్ల "సరేనమ్మా" అని పొట్లాం తీసుకుంది. ఎంత మర్యాదగా తీసుకుందో!

ముందుగదిలో అద్దాల పలకలు గోడకానించి ఉంటాయి. మిషనమ్మ కొడుకు కిటికీలకు, దుకాణాలకు అద్దాలు బిగిస్తాడు. పొద్దున పూట వాడి చేతులు వణుకుతాయి, మొదటి గుక్క పడేదాకా పలక మీద గీత తిన్నగా రాదు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. కానీ నాలుక మాత్రం వాడిది చురుకు.

"గుమ్మడీ, బహుమతి కప్పా, గిన్నా? కప్పయితే నాకు, గిన్నయితే నీకు."

"రెండూ ఖాళీవే ఇస్తారు నాన్నా" అంది పిల్ల.

అందరూ నవ్వారు. మిషనమ్మ అయితే కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. తండ్రీ కూతుళ్ళిద్దరిదీ ఒకటే నోరు, ఒకటే ముక్కు అని మురిసింది.

బుధవారం సభలో మిషనమ్మ ముందు వరసలోనే కూర్చుంది. కోడలికి ఆ రోజు బేకరీలో పగటి పనీ పడింది, కొడుకు వస్తానని రాలేదు. పిల్ల పేరు పిలిచారు. మెట్లెక్కుతుంటే ఆవిడ చూపంతా స్కర్టు మీదే. నడుము దగ్గర ఒక్క ముడత లేదు, అంచు నేలకు గీత గీసినట్టుంది. కుట్టు ఎంత ముచ్చటగా కూర్చుందీ అనుకుంటోంది. పక్కనున్నావిడ "అయ్యో, ఆ పిల్ల మొహం చూడండి!" అనేదాకా మొహం చూడలేదు. చూసేసరికి పిల్ల కప్పు అందుకోవడానికి చెయ్యి చాచి, ఆ చెయ్యి అలాగే ఉండగా, కుర్చీ మీంచి బట్ట జారినట్టు జారి కింద పడిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్నమనిషి, మాట మెత్తన, చూపు మాత్రం సూది. పిల్ల గుండె చాలా నెమ్మదిగా కొట్టుకుంటోందనీ, కొన్నాళ్ళు ఇక్కడే ఉంచాలనీ చెప్పి, గదిలోకి తల్లినీ నానమ్మనూ పిలిచింది. కొడుకు నడవాలోనే ఆగిపోయాడు. దగ్గరకొస్తే వాసన తెలుస్తుందని వాడి భయం.

"ఎప్పటినుంచి చిక్కిపోతోందమ్మా?"

"రెణ్ణెల్ల నుంచండీ" అంది కోడలు. బేకరీ నుంచి పరిగెత్తుకొచ్చింది, తలకు కట్టుకున్న గుడ్డ కూడా విప్పలేదు. "పరీక్షల బెంగ అనుకున్నా. వదులు చొక్కాలు వేసుకునేది, స్కర్టు సరిగ్గానే ఉండేది, అందుకని…"

"ఇది రెణ్ణెల్ల పని కాదు. గుర్తు తెచ్చుకోండి. ఎన్నాళ్ళనుంచో తెలిస్తే, తిండి ఎంత జాగ్రత్తగా మొదలుపెట్టాలో మాకు తెలుస్తుంది. ఒక్కసారిగా పెడితే ప్రాణానికే ముప్పు."

కోడలు గుర్తుతెచ్చుకోవాలని చేసే ప్రయత్నం మొహంలో కనిపిస్తోంది. మిషనమ్మకు గుర్తుతెచ్చుకోవాల్సిన పనే లేదు, బొమ్మతో తారీకులతో రాసుంది. నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"తల్లి ఇంటిపట్టున ఉంటే కదండీ తెలిసేది? పిల్ల తిందో లేదో చూసే నాథుడు లేడు."

డాక్టరమ్మ ఏదో రాసుకుంది. "కుటుంబంలో ఇంకెవరికైనా ఇలాంటిది ఉందా? తిండి మానెయ్యడం, తిన్నది కక్కెయ్యడం? లేకపోతే తాగుడు? రెండు వైపులా అడుగుతున్నా."

"మా వైపు అలాంటి రోగాలేం లేవు" అంది మిషనమ్మ, ఠక్కున. "వాళ్ళ వైపు అడగండి."

అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని ఊరికే అన్నారా? కోడలు తలుపు వైపు చూసింది. తలుపు గాజులోంచి మొగుడి భుజం కనిపిస్తోంది, గోడకానుకుని. అత్తగారి వైపు చూసింది. చేతులకంటిన పిండి గోటితో గీరుకుంది.

మర్నాడు వార్డులో పిల్ల నిద్రపోతోంది. చేతికి సెలైను, దుప్పటి కింద మనిషి ఉందా లేదా అన్నట్టు. కోడలు మంచం పక్కన కూర్చుని పిల్ల స్కర్టు మడతపెట్టబోతే అది తిరగబడింది, ఆగింది. బొటనవేలి గోటితో లోపలి కుట్టు వెంట గీసుకుంటూ వెళ్ళింది. ఒక వరస. దాని పక్కన ఇంకోటి. ఇంకోటి. నాలుగు. దారం రంగు కూడా ఒకటి కాదు. ఉన్న దారంతో కుట్టేసింది మిషనమ్మ, లోపలే కదా, ఎవరు చూస్తారని.

"అత్తయ్యా" అంది, గొంతు పెంచకుండా. "ఈ మొదటిది ఎప్పటిది?"

"ఏమోనే. గుర్తులేదు."

"రెండోది?"

మిషనమ్మ కిటికీలోంచి బయటికి చూసింది.

"నాకొక్క మాట చెప్పాల్సింది" అంది కోడలు. అరిచుంటే బాగుండేది. నాలుగు తిట్లు తిట్టుంటే మిషనమ్మ ఎనిమిది తిట్టేది, లెక్క సరిపోయేది. కోడలు తిట్టలేదు. స్కర్టు నాలుగు మడతలు పెట్టి, దిండు కింద దాచి, కూతురి పాదాలు రెండు చేతుల్లోకి తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది.

మిషనమ్మ ఇంటికి నడిచింది. బస్సు ఎక్కుదామని కూడా తోచలేదు. మధ్యాహ్నం రెండైంది. ముందుగదిలో కొడుకు నేల మీద కూర్చునున్నాడు. అద్దాల పలకలు గోడ నుంచి జరిపి ఉన్నాయి. వాడి చుట్టూ కాగితపు పొట్లాలు పదో పన్నెండో, బన్నులు, రొట్టెముక్కలు, కొన్ని రాయిలా ఎండినవి, కొన్ని బూజు పట్టినవి. వాటి మధ్యన ఓ సీసా, మూత తియ్యనిది.

"ఏమిట్రా ఇది?"

"దాని బన్నులు" అన్నాడు. "వాళ్ళమ్మ రోజూ తెచ్చేవి. ఈ పలకల వెనక నేను సీసా పెట్టుకుంటాగా. ఓ రోజు చెయ్యి పెడితే పొట్లాం తగిలింది. చలికాలం మొదట్లో."

"చలికాలం నుంచి తెలుసా నీకు? మరి చెప్పలేదేంరా?"

వాడు సీసా ఒళ్ళోకి తీసుకున్నాడు. "నా సీసా దానికీ తగిలుంటుందిగా అమ్మా. అది ఎవరికీ చెప్పలేదు. నేనెలా చెప్పను? సీసా ఎడంపక్క, పొట్లాం కుడిపక్క. ఒకళ్ళ జోలికి ఒకళ్ళం పోలేదు." నవ్వబోయాడు, రాలేదు. "నా బతుకులో నన్ను ఒక్క మాట అనకుండా వదిలేసింది అదొక్కతే. నేనూ దాన్నలాగే వదిలేశా. ప్రేమే అనుకున్నా."

మిషనమ్మ మిషను ముందున్న స్టూలు మీద కూలబడింది. ఇంట్లో నలుగురు. తండ్రికి తెలుసు, నానమ్మకు తెలుసు, పిల్లకు సరేసరి. తెలియంది ఒక్కదానికే, చీకట్లో లేచిపోయి నిప్పుల గూడు ముందు నిలబడి, వెచ్చటి పొట్లాం గుండెలకు హత్తుకుని తెచ్చేదానికి. దోషమంతా తీసుకెళ్ళి దాని నెత్తిన పెట్టారు. ఎవరు పెట్టారు? కిటికీలో నిలబడ్డ ఇస్త్రీ ఆయన భార్యా? కాదు. కొలత తెలిసిన మనిషే పెట్టింది.

శుక్రవారం పొద్దున్నే కొలతల పుస్తకం సంచిలో పెట్టుకుని, కొడుకును చెయ్యి పట్టుకుని, బడికి తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళింది. ఆ పొద్దు వాడు తాగలేదు, అందుకే ఒళ్ళంతా వణుకుతున్నాడు. డాక్టరమ్మ గదిలో కోడలు అప్పటికే ఉంది. మిషనమ్మ బల్ల మీద పుస్తకం తెరిచి, గుమ్మడికాయ మీద వేలు పెట్టింది.

"ఇదీ మా పిల్ల. ఇది నిరుడు వేసవి. ఇదిగో, వానలు పడ్డాక. ఇది చలికాలం. ఇది మొన్న సోమవారం. పధ్నాలుగు నెలలు డాక్టరమ్మా. రెండు కాదు."

ఒక్కో అంకె చదువుతుంటే కోడలు కళ్ళు మూసుకుంది, ఎవరో చెంపల మీద వరసగా కొడుతున్నట్టు.

"ఇంకోటి. మొన్న మా వైపు ఏం లేదన్నాను. వీడు తాగుతాడు. చూస్తే తెలుస్తూనే ఉందిగా. మా నాన్న తాగేవాడు. తాగొచ్చి అన్నం కంచాలు విసిరేవాడు. నాకో చెల్లెలుండేది. కంచం ఎప్పుడు ఎగిరిపోతుందో తెలీదని, ముందు రాత్రి తిండి మానేసింది, తరవాత పగలు మానేసింది. పందొమ్మిదేళ్ళకు పోయింది. క్షయ అని చెప్పాం ఊళ్ళో. జబ్బుకో మర్యాదైన పేరుండాలి కదండీ."

డాక్టరమ్మ ఓ కాగితం తీసి వాళ్ళ వంశవృక్షం గీయడం మొదలుపెట్టింది. మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు సున్నా, మధ్య గీతలు. మిషనమ్మ నాన్న చదరం నలుపు చేసింది. చెల్లెలి సున్నా నలుపు చేసింది. కొడుకు చదరం, చివర పిల్ల సున్నా.

"తాగుడు, తిండి మానడం — పైకి ఒకదానికొకటి సంబంధం లేనట్టుంటాయి. కానీ ఒకే కుటుంబంలో రెండూ కనిపించడం మేం తరచుగా చూస్తాం. కొంత రక్తంలో వస్తుంది, కొంత ఇంట్లో గాలిలో వస్తుంది. ఏది ఎంతో ఈ ఒక్క పిల్ల విషయంలో విడదీసి చెప్పడం నా వల్ల కాదు."

"అంటే నేనిచ్చిందేనా దానికి?" అన్నాడు కొడుకు. కూతురికి వచ్చిన తన ముక్కు తడుముకున్నాడు, తెలియకుండానే.

"మీకూ ఎవరో ఇచ్చారుగా. ఇచ్చినవాళ్ళను వెతుక్కుంటూ పోతే అంతుండదు. మీకు వైద్యం కావాలంటే ఇదే ఆస్పత్రిలో కింద వార్డుంది. చీటీ రాయనా?"

వాడు తలాడించాడు. డాక్టరమ్మ మిషనమ్మ సున్నా మీద కలం ఆపింది. "మీరు?"

"నేనా! నాకేం రోగం? గుండ్రాయిలా ఉన్నా" అంది మిషనమ్మ. డాక్టరమ్మ ఆ సున్నాను తెల్లగానే వదిలేసింది.

"డాక్టరుగారూ" అంది కోడలు, మొదటిసారి నోరు విప్పి. "ఆ రెండో కుట్టప్పుడే నాకు తెలిసుంటే?"

"ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరమ్మా. ఇంత దూరం వచ్చేది కాదేమో."

నడవాలో మిషనమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "నిన్ను చాలా మాటలన్నాను…"

"ఇప్పుడొద్దత్తయ్యా" అంది కోడలు. చెయ్యి విదిలించలేదు, అలాగని పట్టుకోనూ లేదు. "దాని కంచం తప్ప ఇప్పుడు నాకేం కనపడదు."

ఆదివారానికి పిల్ల లేచి కూర్చుంటోంది. ఆ వార్డులో ఓ పద్ధతుంది. పిల్ల ఒక్కతే తినకూడదు. ఇంటివాళ్ళలో ఒకరు ఎదురుగా కూర్చుని అదే తిండి, అంతే తిండి తినాలి. అరగంట సమయం. రెండు రోజులుగా తల్లే కూర్చుంటోంది. కొడుకు శుక్రవారమే కింద వార్డులో చేరాడు. ఆదివారం కోడలికి పని తప్పలేదు, మానితే ఉద్యోగం పోయేలా ఉంది. తెల్లవారకముందే తలగుడ్డ కట్టుకుంటూ అడిగింది.

"మీరు కూర్చుని తినగలరా అత్తయ్యా?"

అందులో ఎత్తిపొడుపేం లేదు, నిజంగానే అడిగింది. మిషనమ్మకు మాత్రం నవ్వొచ్చింది. "బాగుందే! తినడమూ ఓ పనేనా? నువ్వెళ్ళు."

తెల్లారాక రెండు కంచాలొచ్చాయి. చెరో రెండు రొట్టెముక్కలు, ఉడికించిన గుడ్డు, గ్లాసుడు పాలు. పిల్ల కంచం వైపు చూడకుండా గోడ గడియారం వైపు చూస్తోంది.

"కానివ్వు గుమ్మడీ" అంది మిషనమ్మ హుషారుగా.

"అలా పిలవకు నానమ్మా."

"అయ్యో, ముద్దుకే తల్లీ."

"తెలుసు. అయినా పిలవకు."

మిషనమ్మ గతుక్కుమంది. సరేనని రొట్టె అందుకుంది. ఓ ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఎదురుగా మనిషి చూస్తుండగా, కుర్చీలో కూర్చుని, తన కంచంలో తనకంటూ పెట్టింది చివరిదాకా తిని ఎన్నాళ్ళయిందో లెక్కకు రాలేదు. ఇంట్లో అందరూ తిన్నాక, గిన్నెల దగ్గర నిలబడి రెండు మెతుకులు నోట్లో వేసుకోవడమే అలవాటు. "మా అత్తయ్య గాలి తిని బతుకుతుంది" అని కోడలు కొత్తల్లో మెచ్చుకుంటే ఎంత పొంగిపోయింది! కొడుకు తాగొచ్చిన రోజు ఆ రెండు మెతుకులూ ఉండవు. ముద్ద గొంతుకు అడ్డంపడింది. పాలు తాగింది. గుడ్డు చిదిపి కంచమంతా పరిచింది. రొట్టె అంచులు తుంచి గుడ్డు కిందికి తోసింది. పది నిమిషాలు గడిచాయి. ఆవిడ గబగబా కబుర్లు చెబుతోంది, ఇస్త్రీ ఆయన భార్య కాలు బెణికిన సంగతి, పంతులమ్మ కొత్త జాకెట్టు సంగతి. పిల్ల వినడం లేదు. పిల్ల ఆవిడ చేతుల్నే చూస్తోంది.

"నానమ్మా" అంది నెమ్మదిగా. "చేతిగుడ్డలోది తియ్యి."

"ఏ చేతిగుడ్డ?"

"నీ ఒళ్ళో ఉన్నది."

మిషనమ్మ కిందికి చూసుకుంది. ఒళ్ళో చేతిగుడ్డ మడతలో సగం రొట్టె ఉంది. అది అక్కడికి ఎప్పుడు చేరిందో, ఏ చెయ్యి చేర్చిందో, ఒట్టు, ఆవిడకు తెలియదు. ముసలిచేతులు మనిషినడక్కుండానే ఆ పని చేసేశాయి. కంచాలెగిరే ఆ ఇంట్లో, చెల్లెలి పక్కన కూర్చుని నేర్చుకున్న పని అది. చెల్లెలు చచ్చిపోయింది, ఈవిడ బతికింది, అంతే తేడా. బతికినందుకు తనకు రోగం లేదనుకుంది.

చెవుల దాకా వేడెక్కింది. పిల్ల నవ్వుతుందనుకుంది. పిల్ల మొహంలో నవ్వులేదు, కోపమూ లేదు.

"నీకెలా తెలిసిందే?"

"చిన్నప్పటినుంచీ చూస్తున్నాగా" అంది పిల్ల. "నేను నేర్చుకుంది నీ దగ్గరే."

నర్సు తలుపు దగ్గరకొచ్చి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయని చెప్పి వెళ్ళింది. మిషనమ్మ చేతిగుడ్డ విప్పింది. నలిగిన రొట్టె తీసి, అందరికీ కనిపించేలా కంచం మధ్యలో పెట్టింది. ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది, మింగలేక కళ్ళ నీళ్ళు తిరిగాయి, నమిలింది. దిగింది. ఇంకోటి తుంచింది.

"నాకు చాలా కష్టంగా ఉందే" అంది. ఆ మాట తన నోట ఎవరితోనూ అని ఎరగదు.

"నాకూ" అంది పిల్ల.

గడియారం వైపు చూడ్డం మానేసి, కంచం దగ్గరకు లాక్కుని, గుడ్డు రెండుగా విరిచింది. సగం చేత్తో పట్టుకుని నానమ్మ నోటి వైపే చూస్తూ ఆగింది. మిషనమ్మ ముద్ద మింగాక, తను కొరికింది.